అయిదు హారనులు, ఒక్క లారీ

కర్మాగారమునుండి వెలువడినప్పుడు లారీ అనునది ఇంకను లారీ కాదని గాజువాక ఆటోనగరులో నాలుగు దినములు తిరిగినవారికెల్ల తెలియును. రెండు పొడవైన ఇనుప దూలములు, వాని క్రింద చక్రములు, ముందొక యింజను, ఆ యింజను వెనుక ఒక చెక్కపెట్టె, ఆ పెట్టెపై చెవులును ముక్కును తువాలుతో బిగించి చుట్టుకొని జాతీయ రహదారి దుమ్మునకంతకును ఎదురొడ్డి కూర్చున్న యొక డ్రైవరు: వచ్చునది ఇంతమాత్రమే. ఆ యస్థిపంజరమును షెడ్డులోనికి చేర్చిన పిమ్మట వడ్రంగి దానికి చెక్క నమర్చును. వెల్డరు యాంగిలులు బిగించును. టింకరు రేకును సుత్తితో బుజ్జగించి వంచును. పెయింటరు పద్మములను, నెమళ్లను, యజమాని బిడ్డల పేర్లను ప్రసాదించును. ఎలక్ట్రీషియను దీపములు వెలిగించును. ఇంతమంది చెమట యింకిన తరువాత, అన్నిటికిని కడపట, రెండు బోల్టులతో బిగింపదగిన అల్పవస్తువొకటి దానికి తగిలింపబడును. అది హారను.

మొన్న నేను నా ముసలి స్కూటరునకు బుష్షులు మార్పించుకొనుటకై పోయినప్పుడు, ప్రక్క షెడ్డులో ఒక లారీ యజమాని ఈ క్రమమును తలక్రిందులు చేసి కూర్చుండెను. బండికి తలుపులు లేవు, వెనుక గోడలు లేవు, రంగు ముచ్చట యింకను రానేలేదు. కాని ఆయనకు ముందుగా అయిదు గాలి హారనులు కావలెనట. ఒక్కొక్కటి యొక్కొక్క స్వరమున మ్రోగవలెనట. లంకెలపాలెములో ఒత్తినచో అనకాపల్లిలో జనులు తలలెత్తి చూడవలెనట. మేస్త్రీ ముక్కు మీదికి జారిన కళ్లజోడును వెనుకకు నెట్టుకొని, ఆయన వినకుండ నాతో నిట్లనెను: “ఎడతామండి పంతులుగారూ, మనదేటి పోనాది? కానండి, ఆ హారన్లు బ్రేకు ట్యాంకీలోంచే గాలి తాగుతాయి. ఐదూ ఒక్కపాలి తాగేత్తే బ్రేకుకేటి మిగుల్తాదండి?”

వేర్వేరు స్వరములను వరుసగా మ్రోగించు హారనులను వాహనములకు బిగింపరాదని 1989 నాటి కేంద్ర మోటారు వాహన నిబంధనలలో 119వది శాసించుచున్నది. ఆ సంగతి మేస్త్రీకిని తెలియును, యజమానికిని తెలియును, ఆ బండిని రేపు రోడ్డుపై ఆపబోవువారికిని తెలియును. కనుక దానినిగూర్చి మనము విచారింపనక్కర లేదు. నా విచారమంతయు వేరు. ఆ నిబంధన వ్రాసిన మహనీయులు లారీ నొక్కదానినే దృష్టిలో నుంచుకొనిరి కాని టెలివిజనును మరచిపోయిరి. మరవనిచో, 2002వ సంవత్సరము చివర బ్రిటను దేశములో అయిదు హారనులు బిగించి, చక్రములు బిగింపక, కోలాహలముగా రోడ్డెక్కించిన యొక వాహనమును చూచి మన శాసనమునే ఆ దేశమున కెరువిచ్చియుందురు.

పాటల పోటీ పెట్టి, వేలమందిని వరుసలో నిలిపి, వడపోసి, మిగిలిన అయిదుగురిని ఒక త్రాట కట్టి, ‘ఇదిగో బృందము’ అని ప్రకటించు పద్ధతి 1999లో న్యూజిలాండు టెలివిజనులో ‘పాప్‌స్టార్స్’ అను పేరుతో పుట్టెను. ప్రజల ఓట్లు తరువాతి చేర్పు. మొదట ఎంపిక పెద్దల చేతనే జరిగెను. అక్కడ ‘ట్రూబ్లిస్’ అను బాలికల బృందము తయారయ్యెను. పాట ఎంతకాలము నిలిచెనో కాని పద్ధతి మాత్రము నిలిచెను. పుల్లట్ల పిండివలె దేశదేశములకు ఎగుమతియయ్యెను. ఆస్ట్రేలియాలో 2000లో ‘బార్డో’ వెలసెను. బ్రిటనులో 2001లో ‘హియర్‌సే’ వెలసెను. వారి తొలి పాట ఒక్క వారములో అయిదు లక్షల ప్రతులకు మించి అమ్ముడుపోయెను. మరుసటి సంవత్సరము అక్టోబరు నాటికి ఆ బృందము లేదు. అమెరికాలో 2000లో ఇట్టి ముచ్చటనే మరియొక పేరుతో సాగించి ‘ఓ-టౌన్’ అను అయిదుగురు కుర్రవాండ్ర బృందమును కూర్చిరి. అది 2003లో విడిపోయెను. ఆ కూర్పుకు పెద్దదిక్కయిన లూ పెర్ల్‌మన్ అను పెద్దమనిషి, లేని కంపెనీలో వాటాలు అమ్మి కోట్ల డాలర్లు కాజేసిన నేరమునకు 2008లో ఇరువదియైదేండ్ల శిక్ష పడి, 2016లో కారాగారముననే కన్నుమూసెను. లేని విమానముల కంపెనీని ఉన్నట్లు చూపగలవాడు లేని బృందమును ఉన్నట్లు చూపుటలో ఆశ్చర్యమేమున్నది?

ఇప్పుడు అసలు కథకు వత్తును. 2002లో బ్రిటనువారి ఐటీవీ ఈ పద్ధతికి మెరుగు పెట్టి ‘పాప్‌స్టార్స్: ది రైవల్స్’ అని పేరుపెట్టెను. ‘రైవల్స్’ అనగా ప్రత్యర్థులు. పదిమంది కుర్రవాండ్రు, పదిమంది కన్యలు. వారము విడిచి వారము ఒక్కొక్కరిని ఇంటికి పంపుచు, చివరకు అయిదుగురు మగపిల్లలతో ఒక బృందమును, అయిదుగురు ఆడపిల్లలతో ఒక బృందమును నిలిపిరి. ఆ రెండు బృందముల పాటలును ఒకే దినమున, డిసెంబరు 16న, బజారుకు వచ్చును. క్రిస్మసు వారమున ఎవరి పాట మొదటి స్థానము నాక్రమించునో వారిదే గెలుపు. మన యూళ్లలో సంక్రాంతికి కోళ్లను దింపుట కలదు. కాని కోళ్లు బరిలో దిగకమునుపు కొంతకాలమైనను మేత తినును, ఎండ కాచుకొనును. ఈ పిల్లలకు ఆ పాటి వ్యవధియు లేదు. బృందముగా వారు పుట్టుటకును, బృందముగా వారి బ్రతుకు తేలిపోవుటకును నడుమ కొద్ది దినములే.

కుర్రవాండ్ర బృందమునకు ‘వన్ ట్రూ వాయిస్’ అని నామకరణము గావించిరి. తెలుగున ‘ఏకైక సత్యస్వరము’ అనవచ్చును. ఈ నామకరణము గావించినవారి ధైర్యమును పొగడకుండ నేను ముందుకు సాగలేను. నిన్నటివరకు ఒకడు ఇంటికి పోయిననే కాని తనకు చోటు మిగలదని తెలిసి, ప్రతి శనివారమును ప్రక్కవాని వైఫల్యమునకై లోలోపల దీపము వెలిగించుకొన్న అయిదుగురు యువకులను ఒక్క రాత్రిలో నిలబెట్టి, “మీది ఒకటే గొంతు, అదియును నిజమైన గొంతు” అనుటకు మామూలు గుండె చాలదు. ఒకే తల్లి కడుపున పుట్టి ఒకే కంచములో తిన్న అన్నదమ్ములు గట్టు తగాదాలో కోర్టుకెక్కు లోకములో, టెలిఫోను బిల్లు చెల్లించిన జనుల అనుగ్రహముతో పుట్టిన యీ పంచపాండవులకు ఏకస్వరము సిద్ధించునని నమ్మిరి!

వారికి పెద్దగా పీట్ వాటర్మన్ దొరికెను. 1980ల నాటి బ్రిటిష్ పాప్ పాటల అంగడిలో ఆయన పేరు తెలియనివారు లేరు. కైలీ మినోగ్ మొదలు ఎందరి పాటలో ఆయన కార్ఖానానుండి వెలువడెను. అట్టి యనుభవశాలి యీ క్రొత్త గొంతుకలకు ఇచ్చిన క్రొత్త పాట యేది? బీజీస్ అను ప్రాత బృందము అంతకుముందే 2001లో పాడి ముగించినది. ఆడపిల్లల బృందమైన ‘గర్ల్స్ అలౌడ్’ వారికి మాత్రము ఆనాటి చెవులకు వింతగా తోచు గిటారు మ్రోతతో కూడిన పాట దొరికెను. క్రిస్మసు నాటికి బాలికలు మొదటి స్థానమునను, బాలురు రెండవ స్థానమునను నిలిచిరి. రెండవ స్థానము హీనమైనదేమియు కాదు. ఇతరులెవరైన నది సాధించినచో ఊరేగింపు చేయుదురు. కాని ‘ప్రత్యర్థులు’ అను పేరుగల పందెములో రెండే గుఱ్ఱములు పరుగెత్తినప్పుడు రెండవది కడపటిది కూడ నగును. 2003 జూనులో వారి రెండవ పాట వచ్చి పదవ స్థానమున నిలిచెను. ఆగస్టులో బృందము లేదు. ఆల్బమొకటి రావలసియుండెను; రాలేదు. పుట్టి తొమ్మిది నెలలు నిండలేదు. బిడ్డ గర్భములో నుండు కాలముకూడ ఆ బృందము భూమిమీద నుండలేదు.

ఆడపిల్లల బృందము నిలిచినది కదా, అదే పోటీలో అదే ఓట్లతో పుట్టినది కదా యని కార్యక్రమముల పక్షమువారు వెంటనే లేచి వాదింతురు. నిజమే. వరుసగా ఇరువది పాటలు మొదటి పదింటిలో నిలిపి, 2009లో బ్రిట్ పురస్కారమంది, 2013 దాక వారు సాగిరి. కాని వారిని నిలిపినది ఓట్ల పెట్టె కాదు; ఓట్ల పెట్టె మూతపడిన తరువాత ఏండ్ల తరబడి వారికి పాటలు కట్టిన బ్రయన్ హిగ్గిన్స్ బృందపు కార్ఖానా, జెనోమేనియా. అనగా బండికి చెక్కయు, యాంగిలును, రేకును పెట్టినవారు వేరొకరుండిరి. ఒకే పొయ్యిమీద వండిన రెండు కుండలలో ఒకటి ఉడికి ఒకటి మాడినప్పుడు, ఉడికినది నా పొయ్యి మహిమ, మాడినది కుండ దోషము అనువాడు వంటవాడా, వకీలా?

ఈ పద్ధతి ఆటోనగరునకు దిగుమతియైనచో నెట్లుండునో నేను బుష్షులు బిగించునంతసేపును ఊహించుకొంటిని. ‘ఏ’ బ్లాకు కూడలిలో వేదిక కట్టుదురు. ‘మీ లారీ – మీ ఓటు’ అని బ్యానరు. ముగ్గురు న్యాయనిర్ణేతలు: ఒకరు ప్రతిదానికిని ఏడ్చువారు, ఒకరు ప్రతిదానికిని కసరువారు, మూడవవారు ప్రతిదానికిని గుండెపై చేయి వేసుకొని లేచి నిలుచువారు. మొదట ఇరుసు వేదికపైకి వచ్చును. “నీవేమి చేయుదువమ్మా?” “బరువు మోయుదును.” “అది కాదు తల్లీ, మాకేమి వినిపింతువు?” ఇరుసు మౌనముగా నిలుచును, మంచి ఇరుసు మ్రోగదు, మ్రోగినది మంచి ఇరుసు కాదు, కనుక తొలివారముననే అది యింటికి. తరువాత ఇచ్ఛాపురమునుండి గేరుబాక్సు వచ్చును. దాని పేదరికమును, దానిని పోతపోసిన తల్లి ఫౌండ్రీ పడిన కష్టములను వయొలిను మీద చూపుదురు. జనులు కన్నీరు తుడుచుకొని ఓటు వేయుదురు. కాని మరుసటి వారము ఇంకను ఎక్కువ పేదదియగు క్లచ్చు ప్లేటు వచ్చుటచే గేరుబాక్సు పోవును. కమాను కట్ట లోపలి మనిషి యని, వేదికమీద వెలుగదని న్యాయనిర్ణేతలు నొచ్చుకొందురు. ఇట్లు పది వారములు గడచి, కోట్ల ఓట్లు లెక్కించిన పిదప మిగిలిన అయిదును హారనులే యగును. ఏలన వినిపించునది హారనొక్కటే కదా! ఆ అయిదింటిని ఒక తాడుతో కట్టి, బాణసంచా కాల్చి, “ప్రజలే యెన్నుకొన్న లారీ” అని జాతీయ రహదారి మీద దింపుదురు. దింపిన చోటనే అది నిలిచియుండును. కాని ఎంత యద్భుతముగా మ్రోగుచుండును!

పరిహాసము చాలించి పలికినను సంగతి ఇదియే. గాయకబృందములో ముందు నిలిచి పాడువాడొక్కడు. వెనుక డోలు కొట్టువాడు, తీగ మీటువాడు, పాట కట్టువాడు, తాను తగ్గి ప్రక్కవానిని పైకెత్తువాడు. లివర్పూలు కుర్రవాండ్రు బీటిల్స్ తమ కీర్తికి ముందు జర్మనీలో హాంబర్గు నగరపు క్లబ్బులలో రాత్రులు రాత్రులు గంటల తరబడి వాయించి వాయించి ఒకరి ఊపిరి యొకరికి తెలిసికొనిరి. మన బుర్రకథలలో వంతపాడువాడు ‘తందాన’ యనుటకు పట్టు శిక్షణ ఎంత! టెలివిజను పోటీ యేరునది మాత్రము కథకుని నొక్కనినే. అయిదుమారులు ఏరి, అయిదుగురు కథకులను ఒకే వేదికపై నిలిపి, వంతపాడువాడెవడని అడిగినచో, ఎవడికి వాడు ప్రక్కవానిని చూపును.

‘ప్రజలే యెన్నుకొనిరి’ అను మాట యొకటి ఇట్టి కార్యక్రమములవారి నోట మంత్రమువలె తిరుగును. ఇట్టి ప్రజాస్వామ్యము ఏ రాజ్యాంగములోను లేదు: ఓటునకు సొమ్ము ఓటరే చెల్లించును; ఎన్నిమారులైన వేయవచ్చును; వేసినకొలది లెక్కించువాడు బాగుపడును. 2008లో బ్రిటనువారి ప్రసార నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్, వీక్షకుల టెలిఫోను పిలుపులను దుర్వినియోగము చేసినందులకు ఐటీవీకి 56 లక్షల పౌండ్లకు మించిన జరిమానా విధించెను; అది మన కథలోని పోటీని గూర్చినది కాదు, ఆ చానలువారి వేరు కార్యక్రమములను గూర్చినది; ఐనను లెక్కింపు పెట్టెకు మూత యెంత వదులో తెలియుటకు చాలును. పోనిండు, లెక్క నిక్కమే యనుకొందము. ఓటు వేసినవాడు కోరినది తన పిల్లవాడు గెలుచుట, గెలిచెను, వాని వ్రతము ముగిసెను. పెండ్లికి వచ్చినవాడు కడుపార భుజించి, తాంబూలము పుచ్చుకొని పోవును గాని, కాపురము సాగించుటకు ప్రతి శనివారమును రాడు కదా! పాట కొనుట కాపురము. ఓటు వేయుట పెండ్లి భోజనము.

మన దేశమునకును ఈ లారీ రాకపోలేదు. 2002లో చానల్ వీ వారు ఆ ‘పాప్‌స్టార్స్’ పద్ధతినే తెచ్చి ‘వీవా’ యను అయిదుగురు యువతుల బృందమును, 2003లో ఇద్దరు యువకులు, ఇద్దరు యువతులు గల ‘ఆస్మా’ను నిలబెట్టిరి. ఆ మునుపే, టెలివిజను పోటీతో నిమిత్తము లేకుండ బొంబాయిలో కూర్చిన ‘ఎ బ్యాండ్ ఆఫ్ బాయ్స్’ అయిదుగురితో ఒక సినిమాకూడ 2004లో వచ్చి పోయెను. కొద్ది యేండ్లలోనే వీవాయు లేదు, ఆస్మాయు లేదు. కాని చూడుడు చమత్కారము: వీవాలోని నేహా భసీన్ కంఠము తెలుగువాని చెవిని పడినది బృందము చెదరిన తరువాతనే, మచ్చుకు 2011లో ‘ఊసరవెల్లి’లో, 2016లో ‘జనతా గ్యారేజ్’లో. అయిదుగురి బండిలో నిలువని గొంతు ఒంటరిగా వచ్చి గ్యారేజిలో నిలిచెను. ఆటోనగరువాసులు దీనిని విని గర్వింపవచ్చును.

తెలుగు టెలివిజను ఇట్టి బృందములను కూర్చు వ్యసనమున పడలేదనుట మన వివేకము వలన కాదు, సినిమా వలన. 1996లో ఈటీవీలో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యంగారు ‘పాడుతా తీయగా’ ప్రారంభించినప్పుడు పిల్లలకు దొరికినది యొక గురువు. ‘ళ’కారము జారినచోట ఆపి, శ్రుతి తప్పినచోట తాను పాడి చూపి, ఆ పాట కట్టినవారిని తలచుకొనువాడు. గెలిచినవారి కెదుట సినిమా నేపథ్యగానమను నొక తలుపుండెను. ఒక్కొక్కరే దూరవలసిన తలుపు. మన విశాఖకు చెందిన సౌజన్య భాగవతుల 2023లో ‘తెలుగు ఇండియన్ ఐడల్’ గెలిచినప్పుడును ఆమె నెవ్వరును మరి నలుగురితో కట్టి, ‘విశాఖ సత్యస్వరము’ అని పేరు పెట్టి లారీ యెక్కింపలేదు. ఆమె అదృష్టము.

మ్రోతకును నిలుకడకును గల దూరము విశాఖకు క్రొత్త కాదు. ఇక్కడనే ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అను కేక 1966లో లేచెను. ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపన 1971లో జరిగెను. కర్మాగారము జాతికి అంకితమైనది 1992లో. కేకకును ఉక్కునకును నడుమ ఇరువదియారేండ్లు. ఇంత యాలస్యమును నేను మెచ్చుకొనుట లేదు. ఆనాడు కేక వేసినవారిలో ఎందరో ఆ ఉక్కును కంట చూడకయే పోయిరి. కాని కేకకును ఉక్కునకును భేదము కలదని యీ యూరివాని కెవ్వరును బోధింపనక్కర లేదు.

ఇంతలో మేస్త్రీ అయిదు హారనులును బిగించి ముగించెను. ఎవరి బండి వారి యిష్టము. సొమ్ము ముందే ముట్టెను. “ఆ పిల్లలేటయ్యారండి మరి?” అని, నా కథ విన్నంతసేపు విని, స్పానరు తుడుచుకొనుచు అడిగెను. తమ తమ దారుల పోయిరని చెప్పితిని. “పాపం, కుర్రగుంటలు. ఆళ్ల తప్పేటుంది? బిగించినోడిదే” అని, తన చేతిని తానే చూచుకొని నవ్వెను.

యజమాని స్టీరింగు చక్రము ముందు కూర్చుండి, ఇంజను నడిపించి, గాలి నిండువరకు ఓపికపట్టి, పిమ్మట మీట లాగెను. ఆటోనగరు దద్దరిల్లెను. చాయకొట్టు వద్ద గ్లాసులు ఆగిపోయెను. చెట్టు మీది కాకులు లేచి షీలానగరు వైపు పోయెను. లేతు మీది కుర్రవాడు మిషను నాపి వచ్చి చూచెను. యజమాని ముఖము వెలిగిపోయెను. మరల లాగెను, మరల లాగెను. గాలి మీటరు ముల్లు దిగజారుచుండుట మేస్త్రీయు నేనును చూచితిమి గాని ఆయన చూడలేదు. నాలుగవ మారునకు అయిదు గొంతుకలును ఒకదాని వెంట ఒకటి పీలగా మూలిగి ఆగిపోయెను. ఆ నిశ్శబ్దములో, గాలి తక్కువైనది, బ్రేకు లేదు సుమా యని హెచ్చరించు బజరు, డాషుబోర్డు క్రింద సన్నగా, విడువక మ్రోగనారంభించెను.

యజమాని విసుగుతో తల బయట పెట్టి మేస్త్రీని కేకవేసెను: “ముందా బజరు వైరు పీకెయ్యవయ్యా, చెవులు చిల్లులు పడతన్నాయి!”